డయాలసిస్ గదిలో రాసిన నవల

నా రెండో నవలలో ఎక్కువ భాగం నరసరావుపేటలోని ఒక ఆసుపత్రి పై అంతస్తులో రాశాను. నా భర్త ఒంట్లోని రక్తం ఒక గొట్టంలో బయటికి వచ్చి, మిషన్లో శుభ్రపడి, ఇంకో గొట్టంలో తిరిగి లోపలికి పోతున్నంతసేపూ ఆయన మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని రాసేదాన్ని. కాలేజీల్లో ఎక్కడికన్నా పిలిస్తే పిల్లలు తప్పకుండా అడుగుతారు, "రోజూ ఎలా రాయగలుగుతారు మేడమ్?" అని. "అలవాటు చేసుకోవాలమ్మా" అంటాను. అబద్ధం కాదు. కానీ ఆ అలవాటు నాకెలా అయిందో చెప్పాలంటే ఆయన సంగతి చెప్పాలి. రెండు మాటల్లో తేలేది కాదు.

ఆయనకి వినుకొండ రోడ్డులో మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లు రైతులు ఆటోల్లో వేసుకొచ్చి దింపేవాళ్ళు. రాగి తీగ చుట్టీ చుట్టీ ఆయన వేళ్ళ చివరలు కాయలు కాసి ఉండేవి. నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. మాకు పిల్లలు లేరు. పెళ్ళయిన కొత్తలో కథలు రాశాను, తర్వాత ఒక చిన్న నవల అచ్చయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏమీ రాయలేదు. అడిగిన వాళ్ళకి టైము లేదని చెప్పేదాన్ని. స్కూలు, పేపర్లు దిద్దడం, ఇంటిపని. సెలవుల్లో టైము ఉండేది, అప్పుడు మనసు లేదనేదాన్ని. ఆదివారం మధ్యాహ్నాలు తెల్లకాగితం ముందు కూర్చుని, కాసేపటికి లేచి, అలమారలో చీరలు సర్దుకునేదాన్ని.

ఆయనకి నడుంనొప్పి ఉండేది. రోజంతా కింద కూర్చుని మోటార్లు విప్పే మనిషికి నడుం నొప్పి రాక ఏమొస్తుందిలే అనుకున్నాం. మందుల షాపులో నొప్పి బిళ్ళలు తెచ్చుకుని మింగేవాడు. బీపీ ఉందని ఎప్పుడో ఒక డాక్టరు చెప్పాడు. దాని మాట ఆయనా పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. ఒక చలికాలం పొద్దున మొహం ఉబ్బి లేచాడు. కాళ్ళు నొక్కితే వేలి గుంట అలాగే ఉండిపోయింది. గుంటూరు తీసుకెళ్ళాం. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నావైపు కాకుండా ఆయనవైపే చూసి చెప్పాడు, రెండు కిడ్నీలూ పోయాయని. ఆయన తన వేళ్ళకేసి చూసుకుని, "కాలిపోయిన మోటారుకైతే మళ్ళీ తీగ చుడతాం సార్. దీనికట్టా కుదరదా?" అని అడిగాడు. డాక్టరు నవ్వలేదు.

ఎడమ చేతికి చిన్న ఆపరేషను చేసి సూదులు గుచ్చడానికి వీలుగా నరం సిద్ధం చేశారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. నరసరావుపేటలోనే ఆ సౌకర్యం ఉండటం అదృష్టమని అందరూ అన్నారు. నేను స్కూలు మానేసి ఇంట్లో ట్యూషన్లు పెట్టుకున్నాను. షాపు మా మరిది చూసుకునేవాడు.

ఆ గదిలోకి తోడు వచ్చినవాళ్ళని రానివ్వరు. కానీ మిషన్ మీద ఉండగా ఈయనకి బీపీ ఉన్నట్టుండి పడిపోయేది, కాలి పిక్కలు పట్టేసి కేకలు పెట్టేవాడు. పట్టుకోవడానికి ఒక మనిషి పక్కనుంటే మంచిదని నర్సమ్మే నాకు స్టూలు వేసింది. మొదటి నెలంతా నేను ఆ గొట్టాలకేసి చూస్తూ కూర్చున్నాను. అంత రక్తం, అంత ఎర్రగా, మనిషి ఒంటికి బయట తిరుగుతుంటే కన్ను తిప్పుకోలేకపోయేదాన్ని. మిషన్ ఏ చిన్న కూత పెట్టినా లేచి నిలబడేదాన్ని.

ఒకరోజు ఆయనకి విసుగొచ్చింది.

"ఏమే, ఎంతసేపని నా మొహంలోకి చూస్తా కూర్చుంటావ్? నాకు ఊపిరాడట్లా."

"ఇంకేం చెయ్యమంటారు?"

"ఏదన్నా రాసుకో. టైము లేదు టైము లేదని ఇన్నేళ్ళు నన్ను సంపావు గదా. ఇప్పుడుంది గదా, కావలసినంత."

ఎగతాళికే అన్నాడు. కానీ తర్వాత వెళ్ళిన రోజు నేను సంచిలో పరీక్ష అట్ట, కొన్ని తెల్లకాగితాలు, పెన్ను పెట్టుకుని వెళ్ళాను. ఆ రోజు నాలుగు వాక్యాలు రాశాను, మూడు కొట్టేశాను. ఆ తర్వాతి రోజు ఒక పేజీ. నెల తిరిగేసరికి నాకు తెలియకుండానే ఒక పద్ధతి ఏర్పడింది. ఆయన చేతికి సూది దిగగానే పెన్ను తీసేదాన్ని, సూది బయటికి రాగానే మూసేదాన్ని. మనసు బాగుందా లేదా అని చూసుకోవడం పోయింది. అక్కడ ఎవరి మనసూ బాగుండదు. పాలవాడు రాడు, కుక్కర్ కూత లేదు, పక్కింటి పిన్ని పంచదారకు రాదు. మిషన్ ఇచ్చిన గంటలవి. వాటిలో చెయ్యగలిగింది రాయడమొక్కటే.

నవల సాగర్ కాలువ చివరి భూముల్లో బతికే ఒక ఆడమనిషిది. మిరపకోతలకి కూలీల ముఠాని కట్టి ఆటోల్లో ఊళ్ళు తిప్పే మేస్త్రమ్మ. ఈపూరు పక్క అలాంటి మనిషిని చిన్నప్పుడు చూశాను. ఆమె గొంతు, తల మీద తువ్వాలు, ఘాటుకి ఎర్రబడ్డ కళ్ళు నాకు బాగా గుర్తున్నాయి. ఆఖరికి ఆమె ఎండదెబ్బకి చేలోనే పడి చనిపోతుందని మొదట్లోనే అనుకున్నాను. నవల అటే నడుస్తోంది.

రాసింది ఆయనకి చదివి వినిపించేదాన్ని, గొంతు బాగా తగ్గించి. ఆయన పుస్తకాలు చదివే మనిషి కాదు. సగంలో నిద్రపోయేవాడు. నవ్వకూడని చోట నవ్వేవాడు. ఒకరోజు నిద్రపోయాడనుకుని ఆపాను.

"ఆపావేం? తర్వాత ఏమవుద్ది ఆమెకి?"

"ఇంకా రాయలేదు."

"చివర్లో సంపేస్తావా ఏంది?"

నేను కాగితాలు సర్దుకున్నాను.

"సంపమాక" అన్నాడు. "ఆమెనన్నా ఉండనీ."

నేనొక కారణం చెప్పబోయాను, కథకి అదే సహజమని. ఆయన చేతికున్న సూదులు చూసి నోరు మూసుకున్నాను. ఆ వారంలోనే ఆమె బతుకుతుందని నిర్ణయించుకుని, ముందు రాసిన కొన్ని పేజీలు చించేశాను. ఆ సంగతి చెబితే ఆయన పెద్దగా స్పందించలేదు, "మంచిపని జేశావ్" అని అటు తిరిగి పడుకున్నాడు. చావు మీదికి నడుస్తున్న నవలని బతుకు మీదికి మళ్ళించడం ఎంత కష్టమో నాకప్పుడు తెలియదు. చివరి అధ్యాయాలు ఎటు పోవాలో అంతుపట్టలేదు. అయినా రాస్తూనే ఉన్నాను.

మా పక్క మంచం గురజాల నుంచి వచ్చే ఒక టైలరుది. ముస్లిం, నలభై దాటిన మనిషి. భార్యని వెంటబెట్టుకుని పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాడు. ఆమె బయట వరండాలో కూర్చునేది. ఆయన మా ఆయన్ని అన్నా అని, నన్ను అక్కా అని పిలిచేవాడు. ఇద్దరూ తాగకూడని నీళ్ళ గురించి, తినకూడని వాటి గురించి మాట్లాడుకునేవాళ్ళు. కొబ్బరినీళ్ళు, అరటిపండు, టమాటా పచ్చడి. ఆయన బిర్యానీ ఎలా వండాలో మొదటినుంచి చివరిదాకా చెబితే, మా ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు.

నేను రాస్తుండటం టైలరు చాలా రోజులు గమనించి, ఒకరోజు అడిగాడు.

"అక్కా, మమ్మల్ని రాస్తన్నావా?"

"లేదు తమ్ముడూ. ఇది వేరే కథ."

"నన్ను మాత్రం రాయమాకక్కా. మా ఊళ్ళో షుగరు మందులకి పోతన్నా అని చెప్పుకుంటన్నా. కిడ్నీ అని తెలిస్తే, వీడు ఇయ్యాలో రేపో అని ఎవురూ గుడ్డలియ్యరు."

రాయనని మాటిచ్చాను. తర్వాత కూడా అప్పుడప్పుడూ నా కాగితాల వైపు అనుమానంగా చూసేవాడు. నేను పేజీ తిప్పి ఆయనకి కనపడేలా పెట్టేదాన్ని.

ఒక రోజు మేం వెళ్ళేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు, కాలేజీ చదివే వయసు కుర్రాడు. నేను నర్సమ్మ వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపి, మా ఆయన చేతికి సూది గుచ్చే పనిలో పడింది. ఆయన పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

కాసేపు అట్ట ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. తర్వాత పెన్ను తీశాను. ఆ రోజు రాసిన పేజీలు నవల మొత్తంలో మంచివని తర్వాత చదివిన వాళ్ళు చెప్పారు. కోతలైపోయాక కూలీలు ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోయి, మేస్త్రమ్మ ఒక్కతే కల్లంలో మిగిలే ఘట్టం అది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో మా ఆయన అన్నాడు, "ఇయ్యాల గూడా రాశావే నువ్వు."

కోపంగా అనలేదు. అయినా నేను సంచిని ఒళ్ళోంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను.

నాకు ఆ గది అలవాటైపోయింది. అంతకంటే గట్టి మాటే వాడాలి, కావలసి వచ్చింది. మిగతా రోజుల్లో ఇంట్లో ఒక్క వాక్యం నడిచేది కాదు. ఆసుపత్రికి వెళ్ళే రోజు పొద్దున లేవగానే నా ఒంట్లో ఒక హుషారు ఉండేది. ఆయనకి ఆ రోజు ఎంత భయమో నాకు తెలుసు. ఒకసారి అక్కడ మిషన్లకి కావలసిన నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు చెడిపోయి, రేపు రమ్మని తిప్పి పంపారు. అప్పటికి నా తలలో ఒక ఘట్టం మొత్తం సిద్ధంగా ఉంది. గేటు దగ్గర ఆటో కోసం నిలబడి నేను గొణుగుతూనే ఉన్నాను, ముందు ఫోన్ చేసి చెప్పొచ్చు కదా, మనుషులకి పనులుండవా అని. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీలు లోపలికి దిగిపోయి ఉన్నాయి.

"నాకంటే నీకే ఎక్కువ బాధగా ఉన్నట్టుందే" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. నేను వంగి ఆయన చెప్పుల పట్టీలు వదులు చేశాను. ఆ రోజంతా ఆయన మొహం చూడలేకపోయాను. కానీ మర్నాడు మళ్ళీ పరీక్ష అట్ట, కాగితాలు సంచిలో పెట్టుకునే వెళ్ళాను.

ఆ ఎండాకాలం రెంటచింతల వైపు నుంచి వడగాడ్పు వచ్చి ఊరంతా కాల్చేసింది. ఇంట్లో గోడలు ముట్టుకుంటే చేయి చురుక్కుమనేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే బిందెలు బిందెలు తాగుతున్నారు. ఈయనకి రోజుకి చిన్న సీసాడు నీళ్ళు, అందులోనే మందులు మింగాలి. నాలుక ఎండిపోతే ఐసుముక్క చప్పరించేవాడు. శనివారం డయాలసిస్ అయితే మళ్ళీ మంగళవారం. ఆ మధ్య రోజులే కష్టమని డాక్టర్లు ముందునుంచీ చెబుతుండేవాళ్ళు.

సోమవారం మధ్యాహ్నం నేను ముందుగదిలో ట్యూషన్ పిల్లలకి సంధులు చెబుతున్నాను. లోపల చెంబు చప్పుడయింది. పిల్లల్ని రాసుకోమని చెప్పి వెళ్ళాను. ఆయన కుండ పక్కన గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. బనీను ముందంతా తడిసిపోయింది.

"ఏం చేశారు?"

"తాగానే" అన్నాడు. "రెండు సెంబులు. చానా బాగుంది."

ఆ మొహంలో అంత తృప్తి నేను ఏడాదిగా చూడలేదు. వెంటనే ఆసుపత్రికి పోదామన్నాను. ఇప్పుడు కాదు, కాసేపు ఇట్టా కూర్చోనియ్యి అన్నాడు. సాయంత్రం కల్లా ఆయాసం మొదలైంది. మా మరిది ఆటో తెచ్చాడు. ఆయన తల నా భుజం మీద ఉంది. రైలు గేటు పడింది. గూడ్సు బండి నెమ్మదిగా పోతోంది. గేటు తీసేసరికి ఆయన బరువు మారింది. మనిషి బరువు అలా మారుతుందని నాకు ముందు తెలియదు, కానీ వెంటనే అర్థమైంది. మా మరిది ముందు సీటు నుంచి "వదినా, అన్నకెట్టా ఉంది?" అని అడుగుతూనే ఉన్నాడు.

నీళ్ళు తాగకపోయినా ఎప్పుడో ఒకప్పుడు గుండె ఆగేదేనని డాక్టరు చెప్పాడు. నా కోసం చెప్పాడో, నిజమే చెప్పాడో తెలియదు.

కర్మలన్నీ అయిపోయాయి. వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయారు. నవలలో చివరి మూడు అధ్యాయాలు మిగిలాయి. రాసుకుంటే మనసు తేలికవుతుందని మా మరిది అన్నాడు, పక్కింటి పిన్ని కూడా అంది. పుస్తకం వెయ్యడానికి ఒప్పుకున్న మిత్రుడు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, తొందరేమీ లేదంటూనే ఎప్పటికవుతుందని అడిగేవాడు. నేను కాగితాలు ముందు పెట్టుకునేదాన్ని. ఏమీ వచ్చేది కాదు. ఏడుపు కూడా వచ్చేది కాదు. ఫోన్లో రచయితలకి సలహాలిచ్చే వీడియోలు చూశాను. తెల్లవారుజామున లేవమన్నారు, లేచాను. ఒక చోటు పెట్టుకోమన్నారు. పడమటి గదిలో బల్ల వేసుకున్నాను. చిన్న లక్ష్యాలు పెట్టుకోమన్నారు. పేజీ కాదు, ఒక్క వాక్యం చాలనుకున్నాను. అదీ రాలేదు. ఆయన ఒంట్లోంచి రక్తం బయటికి పోతుంటేనే నాకు మాటలు వచ్చేవి అనే ఆలోచన ఒకటి పట్టుకుంది. అది పట్టుకున్నాక ఇక పెన్ను ముట్టుకోవాలంటేనే భయమేసేది.

ఒక మంగళవారం పొద్దున, ఎందుకో తెలియకుండానే చీర మార్చుకుని సంచి తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. పై అంతస్తు ఎక్కి ఆ గది తలుపు బయట నిలబడ్డాను. లోపల మిషన్ల చప్పుడు వినపడుతోంది. వాచ్‌మెన్ కొత్తవాడు.

"ఎవురికోసం అమ్మా? పేషెంటు పేరేంది?"

ఏం చెప్పను? వరండా బెంచీ మీద కూర్చుందామని తిరిగాను. అక్కడ గురజాల టైలరు భార్య కూర్చుని ఉంది. ముందు నమ్మలేకపోయాను. ఆమెకి ఆ ఆసుపత్రిలో ఏం పని? వాళ్ళ బావగారికి కూడా కిడ్నీ జబ్బే వచ్చిందని, ఆయన్ని తీసుకొచ్చేవాళ్ళెవరూ లేక తనే వస్తోందని చెప్పింది. నా మెడ చూసి అన్నీ అర్థం చేసుకుంది. చాలాసేపు నా చేయి పట్టుకుని కూర్చుంది.

"మా ఆయన్ని రాశావా అక్కా?" అని అడిగింది.

"లేదు. రాయమాకని నా దగ్గర మాట తీసుకున్నాడు."

"తెలుసు. నాకు జెప్పాడు." కొంగు సర్దుకుంది. "ఊళ్ళో ఎవురికీ తెలవగూడదని ఎన్ని అబద్ధాలు జెప్పించాడక్కా నా చేత! ఇప్పుడు తెలిస్తే ఏంది? రాయాల్సింది గదా. ఆయనున్నట్టు ఎక్కడా లేదు. ఒక మంచి ఫోటో గూడా లేదు మాకు."

రాస్తానని నేననలేదు. మళ్ళీ ఒక మాట ఇవ్వాలంటే భయమేసింది. లోపల్నుంచి ఎవరో పిలిస్తే ఆమె లేచి వెళ్ళింది. నేను బస్టాండు దాకా నడిచి, సత్తెనపల్లి బస్సులు ఆగే చోట నీడలో కూర్చుని, సంచిలో ఉన్న కాగితం తీసి, ఒక టైలరు కళ్ళు మూసుకుని పడుకున్న మనిషికి బిర్యానీ ఎలా వండాలో చెప్పడం రాశాను. బియ్యం ఎంతసేపు నానాలి దగ్గర్నుంచి. అరపేజీ వచ్చింది. అదేమీ గొప్పగా లేదు. నవలకి పనికొచ్చేది కూడా కాదు. బస్సులు వస్తూ పోతూ ఉన్నాయి. నా చేయి ఆగలేదు.

ఆ తర్వాత అంతా సులువైపోలేదు. మూడు అధ్యాయాలకి ఏడాదిన్నర పట్టింది. చాలావరకు ట్యూషన్ పిల్లలు రాకముందు, బియ్యం పొయ్యి మీద పెట్టి, వంటింటి గట్టు దగ్గర నిలబడి రాశాను. పడమటి గదిలో బల్ల మీద ఇప్పుడు అప్పడాలు ఆరబెడుతున్నాను. కొన్ని రోజులు రెండు వాక్యాలు, కొన్ని రోజులు అవీ లేవు. ఉత్సాహం వచ్చేదాకా ఆగుదామంటే నాకది రాదని ఈపాటికి తెలిసిపోయింది. బియ్యం ఉడికేదాకా రాస్తాను, ఉడకగానే ఆపేస్తాను. అన్నం అడుగంటిన రోజులు తక్కువే.

పుస్తకం వచ్చింది. ముందు భాగంలో ఉన్న బలం చివర్లో లేదని, రచయిత్రి ఆమెని బతికించాలని పట్టుబట్టినట్టుందని ఒకరు సమీక్ష రాశారు. చదివి పక్కన పెట్టాను. వాళ్ళన్నది నిజమే.

ఆ గదిలో రాసినంత బాగా నేను మళ్ళీ రాయలేదు. రాస్తానని అనుకోవడం లేదు. ఇప్పుడు ఇంకొకటి మొదలుపెట్టాను, మాచర్ల వైపు సున్నపురాయి క్వారీల్లో పనిచేసే ఒక కుటుంబం మీద. మొదటి అధ్యాయం మూడుసార్లు తిరగరాశాను, కుదరలేదు. నిన్న ఒక వాక్యం మాత్రం పరవాలేదనిపించింది. దాన్ని కొట్టెయ్యకుండా ఉంచాను.